కోక లేని చిలుక

మన కవిత్వంలోని సీతాకోకచిలుకలన్నిటికీ ఓ ఏడాదిపాటు సెలవిచ్చి పంపించాలని నా ప్రతిపాదన. పువ్వు మీద వాలేవి, పాప భుజమ్మీద వాలేవి, ప్రియురాలి కనురెప్పలకు ఉపమానాలై అలసిపోయినవి, గొంగళిపురుగు జన్మ చాలించి "స్వేచ్ఛ"గా అవతరించినవి, అన్నిటికీ. ఆ ఏడాదిలో కవిత్వానికి వాటిల్లే నష్టమేమీ ఉండదని హామీ ఇవ్వగలను. ఎందుకంటే వాటిలో ఏ ఒక్కటీ సీతాకోకచిలుక కాదు. రంగు అనే మాటకు రెక్కలు తగిలించి గాలిలోకి వదిలారు, అంతే.

మాట కాస్త కటువుగానే ఉంది. ఐతే నేనడిగేది చిన్న ప్రశ్న. మీరు చదివిన పద్యంలోనో, రాసిన కవితలోనో ఎగిరిన సీతాకోకచిలుక ఏ జాతిది? ఏ ఋతువులో, ఏ పూట, ఏ చెట్టు నీడన కనబడింది? దాని పిల్ల ఏ ఆకు తిని పెరిగింది? జవాబు రాదు. పాతకాలపు కవిసమయాలను మనం ఎంత ఎగతాళి చేసినా, వాటికో పంచాంగమైనా ఉండేది. కోకిల వసంతంలోనే కూసింది. హంస వానాకాలం ముందు మానససరోవరానికే బయల్దేరింది. ఆధునిక కవి చేతిలో సీతాకోకచిలుకకు ఋతువు లేదు, వేళ లేదు, ఊరు లేదు. ఎండలోనూ అదే, వానలోనూ అదే. ప్లాస్టిక్ పువ్వులాగా ఏ కూజాలోనైనా ఇమిడిపోతుంది.

ఈ టపాలో నేను వకాల్తా పుచ్చుకున్నది ఒక జాతి తరఫున. ఇంగ్లీషువాళ్ళు దాన్ని కామన్ ఈవెనింగ్ బ్రౌన్ అంటారు. శాస్త్రనామం మెలానిటిస్ లెడా. 1758లో లిన్నేయస్ తన 'సిస్టమా నాచురే' పదో కూర్పులోనే దీనికి లెడా అని పేరు పెట్టాడు. గ్రీకు పురాణాల్లో జ్యూస్ దేవుడు హంసరూపం ధరించి చేరవచ్చిన రాణి పేరది. అంటే ఈ చీకటిమొహం జీవి శాస్త్రం కంటబడి రెండున్నర శతాబ్దాలు దాటింది. ఆఫ్రికా మొదలుకొని మన దేశం మీదుగా ఆస్ట్రేలియా దాకా దీని రాజ్యం. మనకు అడవిలో ఉంది, అడవి కానిచోట మామిడితోపులో ఉంది, వెదురుపొదలో ఉంది, పెరటి అరటిచెట్ల వెనక చీకటిమూలన ఉంది. రెక్కలు చాస్తే 6 నుంచి 8 సెంటీమీటర్లు. చిన్నదేమీ కాదు. అయినా మన కవితాసంపుటాల్లో ఇది ఎగరగా నాకు ఇంతవరకూ తారసపడలేదు.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. దానికి కోక లేదు.

మన మాటనే ఒకసారి విడదీసి చూడండి. సీత, కోక, చిలుక. ముగ్గురిలో నడిమధ్యన కూర్చున్నది చీర. అందమైన మాటే, కాదనను. లోకంలో ఏ భాషకూ ఈ పురుగుకు ఇంతకంటే ముద్దైన పేరు దొరికి ఉండదని నేనూ మురిసిపోతుంటాను. కానీ ఆ ముద్దే మనకు గంతలు కట్టింది. రంగుల చీర కట్టనిదాన్ని చిలుక అనడానికి మనకు నోరు రాదు. ఒక సాహితీమిత్రునికి సందెవేళ తోటలో దీన్ని చూపిస్తే, "అది చిమ్మట కదండీ" అని తేల్చేశారు. చిమ్మట కాదు. మీసాలు చూడండి, కొసన గుండుసూదికున్నట్టు చిన్న బుడిపె ఉంటుంది. అది సీతాకోకచిలుక గుర్తు. చిమ్మటల మీసాలు ఈకల్లాగానో, దారాల్లాగానో ఉంటాయి. ఆయన కవి. దీపం, శలభం అంటూ ఎన్నో పంక్తులు రాసినవారు. దీపం దగ్గరికి నిజంగానే వచ్చే ఈ జీవి మాత్రం ఆయనకు పరిచయం లేదు.

సరే, దీనిలో చూడదగ్గదేముంది అంటారా?

వానాకాలంలో చూడండి. మడిచిన రెక్కల అడుగున, లేత గోధుమవన్నె నేలమీద సన్నని అడ్డగీతలు అల్లుకుని ఉంటాయి. రెక్క అంచు వెంబడి వరసగా కన్నులు: పసుపు వలయం, లోపల నలుపు, నడుమ తెల్లని చుక్క. వానలు వెనకబట్టి, గడ్డి పండి, ఆకులు రాలడం మొదలయ్యాక మళ్ళీ చూడండి. కన్నులు లేవు. ఉంటే చీమ తలకాయంత చుక్కలు. రెక్క అంచు కోసినట్టు వంపు తిరిగి ఉంటుంది. అడుగుభాగం ఎండుటాకు. "ఎండుటాకులాంటిది" అని నేనిక్కడ అలంకారం వాడటం లేదు. నడిమి ఈనె ఉంది, బూజుపట్టిన మచ్చలున్నాయి, కుళ్ళు మొదలైన చోట ఏర్పడే నల్లని మరకలున్నాయి. పైగా ఏ రెండిటి మచ్చలూ ఒక్కలా ఉండవు. ఒకటి తుప్పురంగు, ఒకటి బూడిదరంగు, మరొకటి కాల్చిన ఇటుకరంగు. అన్నీ ఒకేలా ఉంటే వేటాడే పిట్ట ఒకదాన్ని కనిపెట్టి మిగతావాటినీ పసిగట్టేస్తుంది. రాలిన ఆకులు ఏ రెండూ ఒకలా ఉండవు గనక, ఆకుగా బతకదలచిన జీవీ అలా ఉండరాదు.

ఈ రెండు రూపాలూ ఎంత వేరంటే, వీటిని వేర్వేరు జాతులుగా ఎంచిన కాలం ఒకటుంది. 1880లలో కలకత్తాలో లయనెల్ డి నిసెవిల్ ఈ కుటుంబపు సీతాకోకచిలుకలను గుడ్ల నుంచి పెంచి, ఒక ఋతువు తల్లికి మరో ఋతువు రూపంలో పిల్లలు పుడతారని చూపించాడు. ఇదే కుటుంబానికి చెందిన బైసైక్లస్ అనే ఆఫ్రికా జాతిపై ప్రయోగశాలల్లో దశాబ్దాల పరిశోధన జరిగింది. గొంగళి ఏ వేడిమిలో పెరిగిందో దాన్నిబట్టి రెక్కమీద కన్నులు తెరుచుకోవడమో మూసుకోవడమో జరుగుతుందని తేలింది. మన లెడా రెండు రూపాలకూ వాతావరణానికీ ఉన్న లంకె గురించి పాల్ బ్రేక్‌ఫీల్డ్ 1987లో ప్రత్యేకంగా ఒక పత్రం ప్రచురించాడు. ఎందుకీ ఏర్పాటు? వానాకాలంలో పచ్చగడ్డి మధ్య ఎండుటాకు వేషం పనికిరాదు. అప్పుడు అంచున ఉన్న కన్నులే రక్ష. పిట్టో, తొండో ఆ కంటిని పొడిస్తే రెక్క కొస చిరుగుతుంది గానీ ప్రాణం పోదు. ఎండుకాలంలో కన్ను కనబడటమే మృత్యువు. అందుకే అప్పుడు కన్ను మూసుకుంటుంది.

అదే తల్లి, అదే రక్తం. వానకు కళ్ళు తెరిచి, ఎండకు మూసుకునే రెక్క. ఇంతకన్న గొప్ప భావచిత్రాన్ని మనలో ఎవరు ఊహించగలిగారు? ఊహించలేదు సరే, కళ్ళెదుట ఉన్నదాన్ని చూడనైనా చూడలేదు. అజ్ఞానాన్ని కల్పనాశక్తిగా చలామణి చేయడం నా మట్టుకు నాకు సమ్మతం కాదు.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. "ఇదంతా జంతుశాస్త్రం. కవికి పురుగుల జాబితా ఎందుకు? అనుభూతి ముఖ్యం." ఈ వాదన వినడానికి ఉదాత్తంగా ఉంటుంది. కానీ దేని అనుభూతి? చూడనిదాని అనుభూతి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇంకొకరి కవిత నుంచి వస్తుంది. వారికి మరొకరి కవిత నుంచి వచ్చింది. అలా ముప్పై చేతులు మారిన నోటు మన దగ్గరికి చేరేసరికి బొమ్మ అరిగిపోయింది. తెలుసుకుంటే ఆశ్చర్యం చచ్చిపోతుందని భయపడేవారు ఒక్కసారి తెలుసుకుని చూడండి. ఎండుటాకు అనుకున్నది ఎగిరినప్పుడు కలిగే ఆశ్చర్యం ఒక క్షణం. అది ఎందుకు ఎండుటాకైందో తెలిసినవాడికి, ఎగరని ఆకులన్నీ ఆశ్చర్యమే.

రెండో అభ్యంతరం కెమెరా మిత్రులది. నిజానికి వాళ్ళది అభ్యంతరం కాదు, నిర్లక్ష్యం. అడవికి వెళ్తారు, మంచిదే. పచ్చనిది, నీలిది, అరుదైనది కనబడితే మోకాళ్ళ మీద పాకుతారు, అదీ మంచిదే. లెడా కనబడితే "ఓ, ఇదా" అని దాటిపోతారు, లేదా పట్టికలో గీత పెట్టుకోవడం కోసం కర్రతో ఆకులు కెలికి లేపుతారు. పగటిపూట ఆకుల మీద రెక్కలు మూసుకుని, ముందు రెక్కలను వెనక రెక్కల నడుమకు జారవిడిచి కూర్చున్న ప్రాణి అది. దాని జీవితవ్యూహమంతా కదలకపోవడంలోనే ఉంది. కెలికి లేపితే మీరు చూసేది తత్తరపాటుతో నాలుగు గజాలు ఎగిరి పడే ఒక గోధుమరంగు మరక. ఆ గీత దేనికి పెట్టుకున్నట్టు? చూడటం అంటే అది చేసే పనిని చూడటం. దాగుండటమే దాని పనైతే, దాగున్నదాన్ని దాగున్నట్టే చూడాలి.

అరుదుదనం గొప్పదేమీ కాదని నా వాదన కాదు. మహారాష్ట్ర 2015లో బ్లూ మోర్మన్‌ను రాష్ట్ర సీతాకోకచిలుకగా ప్రకటించుకుంది. కేరళ 2018లో 'బుద్ధమయూరి'ని ఎన్నుకుంది. రెండూ నీలాలు, పచ్చలు పొదిగిన అందగత్తెలు. సంతోషం. కానీ పట్టాభిషేకానికి మణులే అర్హతైతే, కళ్ళకు పని ఏముంది? రంగు తనంతట తానే వచ్చి మన కంట్లో పడుతుంది. అది చూడటం కాదు, చూపించబడటం. లెడాను చూడాలంటే మీరు పని చెయ్యాలి.

ఇక పేర్ల సంగతి. మన దేశపు సీతాకోకచిలుకలకున్న ఇంగ్లీషు పేర్ల జాబితా చదివితే దండు కవాతు చూసినట్టుంటుంది. కమాండర్, సార్జెంట్, సైలర్, లాస్కర్, కమొడోర్, బారన్, నవాబ్, రాజా. తెల్లదొరల కొలువులో, వాళ్ళ సిపాయిల మధ్య పుట్టిన పేర్లవి. వాళ్ళను తప్పుబట్టను. చూసినవాడికి పేరు పెట్టే హక్కుంటుంది. వాళ్ళు చూశారు, పెట్టారు. మనం చూడలేదు, పెట్టలేదు. మలయాళీలు తరువాతైనా చూశారు. మన లెడాను వాళ్ళు 'కరియిల శలభం' అంటారు. కరియిల అంటే ఎండి రాలిన ఆకు. ఒక్క మాటలో సగం పాఠం చెప్పేశారు.

తెలుగులో పేర్లు లేవా, పెట్టడం చేతకాదా? పిట్టల్ని చూడండి: పాలపిట్ట, వడ్రంగిపిట్ట, లకుముకిపిట్ట, జెముడుకాకి, గిజిగాడు. చేపల్ని చూడండి: కొర్రమీను, బొచ్చె, పండుగప్ప, చందువా. తిన్నదానికీ, శకునం చూసినదానికీ, గూడు చూసి అబ్బురపడ్డదానికీ మనవాళ్ళు చక్కని పేర్లు పెట్టారు. సీతాకోకచిలుకతో తిండి లేదు, భయం లేదు, బేరం లేదు. కనుక దేశంలో ఉన్న వెయ్యిన్నీ మున్నూరుకు పైబడిన జాతులకు కలిపి ఒకే మాటతో సరిపెట్టారు. వాళ్ళకు అవసరం పడలేదు, అది వాళ్ళ తప్పు కాదు. పొట్టకు అవసరం లేనిదాన్ని కూడా చూసి పేరు పెట్టవలసినవాళ్ళు సాహిత్యకారులు. ఆ పని చేయకుండా "తెలుగులో పదసంపద తరిగిపోతోంది" అని సభల్లో కన్నీరు పెట్టుకోవడం దేనికి?

పేరు పెట్టమంటే మళ్ళీ "సామాన్య సాయంకాల కపిశము" అని నిఘంటువు దుమ్ము దులిపేవారొకరు తయారవుతారు. ఇంగ్లీషు పేరు మీద సంస్కృతపు దుప్పటి కప్పితే తెలుగు కాదు. మునిమాపు అని మనకో అపురూపమైన మాట ఉంది. వెలుగు పూర్తిగా పోని, చీకటి పూర్తిగా రాని వేళ. ఈ జీవి లేచేది సరిగ్గా ఆ వేళకే. కాబట్టి నేను దీన్ని 'మునిమాపు చిలుక' అని పిలుస్తున్నాను. కోక లేకపోయినా చిలుకే. ఇంతకన్న మంచిపేరు మీకు తోస్తే నాది వెంటనే వెనక్కు తీసుకుంటాను. పేరే వద్దంటే మాత్రం ఒప్పుకోను.

మూడో అభ్యంతరం రైతుపక్షం నుంచి రావచ్చు, దానికి నేను తలవంచి జవాబు చెబుతాను. ఔను, దీని గొంగళి వరి తింటుంది. జొన్నా, రకరకాల గడ్డీ తింటుంది. లేతాకుపచ్చ ఒళ్ళు, తలమీద రెండు కొమ్ములు. వ్యవసాయ పుస్తకాల్లో దీనికి పురుగుల పట్టికలో చోటుంది. ఐతే అదే పుస్తకాలు దీన్ని చిల్లర పురుగుగానే లెక్కగట్టాయి. కాండం తొలిచే పురుగు, సుడిదోమల సరసన దీన్నెవరూ కూర్చోబెట్టలేదు. మనం అన్నం తిన్న పంటలోంచే మునిమాపు చిలుకా నాలుగు ఆకులు తిన్నది. ఆ లెక్కన అది మనకు దూరపు అడవి చుట్టం కాదు, పంక్తిబంతిలో పక్కన కూర్చున్నది.

నిజమైన ముప్పు అటునుంచి లేదు. మన శుభ్రత నుంచి ఉంది. నేను ఈ టపా రాయడానికి అసలు కారణం ఇదే.

వేసవి రాగానే మనం చేసే మొదటి పని ఆకులు ఊడ్చి తగలబెట్టడం. తోటలో, పార్కులో, కళాశాల ఆవరణలో, గుడి వెనక, అడవి అంచున. రాలిన ఆకు మన కంటికి చెత్త. మునిమాపు చిలుకకు అదే ఇల్లు, అదే బట్ట, అదే డాలు. ఒక్కసారి లెక్క వేయండి. ఎండుకాలపు రూపం కన్నులు మూసుకున్నది ఆకుల మధ్య దాగడానికి. ఆకులు లేని ఊడ్చిన నేలమీద ఆ వేషం వేషమే కాదు, నగ్నత్వం. అంతటితో ఐపోలేదు. ఉత్తర ఆస్ట్రేలియాలో ఈ జాతినే పరిశీలించినవారు ఒక సంగతి గమనించారు. వానలేని నెలల్లో ఆడవి గుడ్లు పెట్టవు. కడుపులో గుడ్లు పెరగనివ్వకుండా ఆపుకుని, తొలకరికి లేతగడ్డి మొలిచేదాకా పెద్దపురుగు దశలోనే కాలం గడుపుతాయి. అంటే ఎండుటాకుల్లో నిశ్చలంగా కూర్చున్న ఆ ఒక్క రెక్కల జత, రాబోయే వానాకాలపు సంతతిని మోస్తూ కూర్చున్నది. ఆకుల కుప్పకు అగ్గిపుల్ల గీసినప్పుడు కాలేది ఈ ఏటి పురుగు మాత్రమే కాదు, వచ్చే ఏటి కన్నులు కూడా.

అడవుల్లో నిప్పుల సంగతి వేరే చెప్పాలా? ఏటా వేసవిలో నల్లమలలోనూ, శేషాచలంలోనూ చెలరేగే మంటల్లో పెద్ద మానులు చాలావరకు మళ్ళీ చిగురిస్తాయి. జింక పరుగెత్తగలదు, పిట్ట ఎగరగలదు. నేలమీది ఆకుపొరలో బతుకుతున్నవాటి సంగతి వార్తల్లోకి రాదు. పెద్దపులికి పేరుంది, ఎర్రచందనానికి ధర ఉంది. పేరూ ధరా లేనివాటి తరఫున ఎవరు మాట్లాడాలి? నా దృష్టిలో ఇది సాహిత్యం చేయవలసిన పని. మనం మాత్రం పూలమీద వాలే ఉపమానాలకు ఇస్త్రీ చేసుకుంటూ కూర్చున్నాం.

విమర్శించి ఊరుకోవడం సులువు, కనుక చేయదగినదీ చెబుతాను. ఖర్చు లేదు, కెమెరా అక్కర్లేదు. నీడగా, కాస్త గడ్డీ రాలిన ఆకులూ ఉన్న చోటు ఎంచుకోండి. బాగా మాగి, తొక్క నల్లబడిన అరటిపండు ఒకటి చిదిపి చెట్టు మొదట్లో ఉంచండి. పువ్వులకోసం ఎదురుచూడకండి. మునిమాపు చిలుకకు తేనెకన్న కుళ్ళిన పండూ, చెట్టు గాయంనుంచి కారే రసమూ, పులిసిన కల్లూ ఇష్టం. పువ్వుమీద సీతాకోకచిలుక అనే మన స్థిరాస్తి ఇక్కడే జప్తు అవుతుంది. పొద్దు గుంకి, మొహాలు ఆనవాలు తెలియని వేళకు లేస్తుంది. మగవి ఒకదాన్నొకటి తరుముకుంటూ నేలకు దగ్గరగా, కుదుపులు కుదుపులుగా ఎగురుతాయి. వాలినప్పుడు కాళ్ళు లెక్కపెట్టండి, నాలుగే కనబడతాయి. ముందరి జత కుదించుకుపోయి రొమ్ముకు అంటుకుని ఉంటుంది. రెక్క విప్పిన క్షణంలో పైభాగం కొసన నల్లని మచ్చ, అందులో రెండు తెల్ల చుక్కలు, చుట్టూ నారింజవన్నె పూత కనబడితే కనబడవచ్చు. అదే దాని మొత్తం ఆభరణం. అదీ ఎవరికీ చూపించదు.

తరువాత ఒక కాగితం మీద రెండే మాటలు రాసుకోండి: నెల, కన్నులున్నాయా లేవా. అలా ఏడాది పొడుగునా రాస్తే మీ ఊరి ఋతువులు ఎప్పుడు మారుతున్నాయో పంచాంగంకన్న ఖచ్చితంగా ఒక పురుగు చెబుతుంది. వానలు తప్పిపోతున్న, కార్తెలు మాట తప్పుతున్న ఈ రోజుల్లో, వాతావరణం గూర్చి కవిత రాయదలచిన వారికి ఇంతకన్న నమ్మదగిన సాక్షి దొరకదు. ఆ కాగితం నిండాక కవిత రాయండి. అప్పుడు సెలవు రద్దుచేసి మీ సీతాకోకచిలుకను సాదరంగా వెనక్కు పిలుస్తాను.

ఆపైన మీ పెరట్లో ఒక మూల, ఒక్క చాప వెడల్పు మేరకు, తొలకరి దాకా ఆకులు ఊడ్వకుండా వదిలేయండి. ఇరుగుపొరుగు బద్ధకస్తులంటే అననివ్వండి. మీ అమ్మమ్మల, తాతల నోట ఈ సందెవేళ పురుగుకు వేరే పేరేదైనా విన్నవారుంటే తప్పక చెప్పండి. నేను పెట్టిన పేరు ఓడిపోతే నాకంటే సంతోషించేవాడు ఉండడు.